వడ్రంగి షెడ్డులో దుమ్మును వేరుచేసే డ్రమ్ము: ఇంట్లోనే ఎలా చేసుకోవాలి

మామిడి పలకను సాండర్‌తో ఒక పావుగంట రుద్దేసరికి వాక్యూమ్ క్లీనర్ చప్పుడు మారిపోతుంది. అప్పటిదాకా బరువుగా ఉన్న హోరు సన్నబడి, కీచుగా వినిపిస్తుంది. గొట్టం చివర అరచెయ్యి పెట్టి చూస్తే లాగుడు సగం కూడా ఉండదు. మూత తీసి చూడండి. డబ్బా అడుగున నాలుగు గుప్పెళ్ల పొట్టు ఉంటుంది, అంతే. ఫిల్టరు మడతల్లో మాత్రం లేత పసుపు పిండి అట్టకట్టుకుని ఉంటుంది. డబ్బా నిండకముందే ఫిల్టరు నిండిపోతోంది. దాన్ని దులిపితే ఆ పిండంతా మళ్లీ మన ముక్కులోకే వస్తుంది.

దీనికి విరుగుడు పనిముట్టుకూ వాక్యూమ్‌కూ మధ్య ఒక డ్రమ్ము పెట్టడం. పొట్టులో అత్యధిక భాగం ఆ డ్రమ్ములోనే దిగిపోయి, వాక్యూమ్‌దాకా దాదాపు గాలి మాత్రమే చేరాలి. పాలకొల్లు దగ్గర మా పెరట్లోని రేకుల షెడ్డులో ఇలాంటిది రెండుసార్లు చేశాను. మొదటిది పాడైపోయింది, రెండోది నాలుగేళ్లుగా పనిచేస్తోంది. ఇక్కడ చెబుతున్నది ఆ రెండోదాని తయారీ.

పొట్టు ఎందుకు దిగుతుంది

డెల్టాలో పుట్టినవాళ్లకు ఈ సూత్రం కొత్తది కాదు. వరదకాలంలో గోదావరి ఒండ్రు కలుపుకుని ఎర్రగా వస్తుంది. నీరు వేగంగా పారేచోట ఆ బరువునంతా మోసుకుపోతుంది. పాయ వెడల్పై వేగం తగ్గినచోట ఇసుకనూ ఒండ్రునూ దించేస్తుంది. మన లంకలు అలా ఏర్పడినవే. గాలీ అంతే. 38 మిల్లీమీటర్ల గొట్టంలో పొట్టును మోసుకుంటూ పరుగెత్తే గాలి, 35 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న డ్రమ్ములోకి రాగానే దానికి దొరికే చోటు 80 రెట్లకు పైగా పెరుగుతుంది. వేగం పడిపోతుంది, బరువు దిగుతుంది.

రెండో సంగతి సుడి. గాలి డ్రమ్ములోకి నేరుగా కాకుండా గోడను రాసుకుంటూ ప్రవేశిస్తే గుండ్రంగా తిరుగుతుంది. బరువైన పొట్టు అంచుకు కొట్టుకుపోయి, గోడ రాపిడికి నెమ్మదించి కిందికి జారుతుంది. తేలికైన గాలి మధ్యలోని గొట్టం గుండా పైకి పోతుంది. మండపేట వైపో తణుకు వైపో వెళ్లేటప్పుడు రైసు మిల్లుల పక్కన పైన లావుగా, కింద సన్నగా గరాటులా నిలబడ్డ పెద్ద రేకు బుంగలు కనిపిస్తాయి. వాటిని సైక్లోన్లు అంటారు. గాలిలో కొట్టుకొచ్చే ఊకనూ దుమ్మునూ వేరుచేసేది అవే. మనం చేసుకోబోయేది వాటికి చిన్న తమ్ముడు. గరాటు ఆకారంలో రేకు మలచడం ఇంట్లో కష్టం కాబట్టి, దాని బదులు డ్రమ్ములో ఒక అడ్డుపలక వేలాడదీస్తాం. ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ పేరు మీద దీన్ని థీన్ బాఫిల్ అంటారు.

ఒక విషయం ముందే చెప్పాలి. ఈ డ్రమ్ము కాపాడేది మీ ఫిల్టరును. మీ ఊపిరితిత్తుల్ని కాపాడేవి మంచి ఫిల్టరు, మాస్కు. కంటికి కనిపించే పొట్టు డ్రమ్ములో దిగుతుంది కానీ, 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే సన్నటి ధూళిలో కొంత గాలితోపాటే పోతుంది. లోపలికంటా చేరి హాని చేసేది ఆ సన్నటిదే. చెక్క ధూళి మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మొదటి వర్గంలో చేర్చింది. ముఖ్యంగా ముక్కు, దాని చుట్టూ ఉండే గాలిగదుల క్యాన్సర్. అందుకని వాక్యూమ్‌లో వీలైతే హెపా ఫిల్టరు (అతి సన్నటి ధూళినీ పట్టే రకం) వేయండి. సాండర్ పట్టినప్పుడల్లా ఎన్95 మాస్కు పెట్టుకోండి. డ్రమ్ము చేసుకున్నాం కదా అని మాస్కు తీసేసేవాళ్లను చూశాను, దయచేసి ఆ పని చేయకండి.

ఏ డ్రమ్ము తీసుకోవాలి

ఎక్కువమంది 20 లీటర్ల పెయింటు బకెట్‌తో మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఒకరోజు గొట్టం మూతి ప్లైవుడ్ షీటుకు అతుక్కుపోయింది. గాలి వచ్చే దారి మూసుకుపోవడంతో బకెట్ పక్కలు ఠప్పుమని లోపలికి కుంగిపోయాయి, మూత ఊడి అడ్డుపలక విరిగింది. ఎందుకలా జరిగిందో తర్వాత లెక్క వేశాను. మామూలు వాక్యూమ్ క్లీనర్ దారి మూసుకుపోతే 15 కిలోపాస్కళ్ల దాకా లాగగలదు. 35 సెంటీమీటర్ల మూత మీద అది దాదాపు 150 కిలోల బరువుతో సమానం. అంటే మూత మీద రెండు ధాన్యం బస్తాలు పెట్టినట్టే. పలచటి బకెట్ ఆ బరువును ఓర్చుకోలేదు.

అందుకే 50 లీటర్ల నీలం డ్రమ్ము తీసుకోండి. మూత చుట్టూ ఇనప పట్టీ, దానికి లీవరు క్లిప్పు, మూతలో రబ్బరు రింగు ఉన్న రకం. రొయ్యల చెరువులున్న ఊళ్లలో ఇవి పాత సామాన్ల దుకాణాల్లో సులభంగా దొరుకుతాయి. కానీ అందులో ఇంతకుముందు ఏమి ఉందో అడగకుండా కొనవద్దు. పురుగుమందులు, ఘాటైన రసాయనాలు ఉన్న డ్రమ్మును ఎన్నిసార్లు కడిగినా తీసుకోకండి. పొట్టుతోపాటు ఆ వాసనా మీ షెడ్డంతా తిరుగుతుంది. బెల్లం పాకం, నూనె, సబ్బు ద్రావణం లాంటివి ఉన్నవైతే కడిగి, రెండు రోజులు ఎండలో బోర్లించి వాడుకోవచ్చు. గోడను బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. సొట్ట పడితే వద్దు.

మిగతా సామాను ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరికేదే. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, రెండు గుండ్రటి పలకలకు సరిపడా. మన గాలిలో తేమకు మామూలు ప్లై ఏడాదికే పొరలు విడిపోతుంది కాబట్టి ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై ముక్క అడగండి. పెద్ద పనుల్లో మిగిలిన ముక్కలు తక్కువకే ఇస్తారు. 50 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ఒక అర మీటరు, అదే కొలతకు 90 డిగ్రీల ఎల్బో (వంపు ముక్క) ఒకటి. 8 మిల్లీమీటర్ల థ్రెడ్ రాడ్డు అర మీటరు, దానికి నట్లు, వెడల్పాటి వాషర్లు పన్నెండేసి. ఎపాక్సీ పుట్టీ, ఒక సిలికాన్ ట్యూబు, పాత సైకిలు ట్యూబు ఒకటి. వాక్యూమ్ గొట్టం మూతి కొలత ముందే తీసుకుని దుకాణానికి వెళ్లండి. ఒక్కో తయారీకి ఒక్కో కొలత ఉంటుంది.

మూత

డ్రమ్ము ప్లాస్టిక్ మీద ఏదీ అంటదు. సిలికాన్, ఎపాక్సీ, పైపులకు వాడే సొల్యూషన్, దేన్ని పూసినా ఆరాక గోటితో పీకితే పొరలా లేచివస్తుంది. ఇది తెలియక మూతకే పైపు అతికించి, వారానికే ఊడిపోయి విసుగెత్తి వదిలేసినవాళ్లు ఉన్నారు. కాబట్టి పైపుల్ని ప్లాస్టిక్‌కు కాదు, చెక్కకు పట్టించాలి.

మూత పైభాగంలో పట్టీకి అడ్డం రాకుండా సరిపోయేంత గుండ్రటి ప్లై పలక కోయండి. వృత్తం గీయడానికి మధ్యలో ఒక మేకు, దానికి పురికొస, చివర పెన్సిలు చాలు. ఆ పలకను మూత మీద పెట్టి కదలకుండా పట్టుకుని, రెండింటికీ కలిపే రంధ్రాలు వేయండి. సరిగ్గా మధ్యలో 50 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి, అది గాలి బయటికి పోయే దారి. రెండోది అంచు దగ్గర, పొట్టు లోపలికి వచ్చే దారి. ఎల్బో లోపల డ్రమ్ము గోడను దాదాపు రాసుకుంటూ ఉండాలి, కానీ మూత ఎత్తేటప్పుడు మూతి అంచుకు తగలకూడదు. దాని కోసం రంధ్రం వేసేముందే ఎల్బోను డ్రమ్ములో పట్టుకుని చూసి గుర్తు పెట్టుకోండి. నా డ్రమ్ములో రంధ్రం మధ్యబిందువు గోడకు 4 సెంటీమీటర్ల దూరంలో వచ్చింది.

ఇక థ్రెడ్ రాడ్ల కోసం మూడు 8 మిల్లీమీటర్ల రంధ్రాలు. వీటిని అంచున వేయాలనిపిస్తుంది, వేయకండి. అంచున తిరిగే పొట్టుకు రాడ్డు అడ్డం పడుతుంది. కొబ్బరి చెక్కో తాటి చెక్కో కోసినరోజు ఆ పీచు రాడ్లకు చుట్టుకుని పక్షిగూడులా తయారవుతుంది. కేంద్రం నుంచి 7, 8 సెంటీమీటర్ల దూరంలో, మూడూ సమాన ఎడంగా ఉంటే సుడి దారికి అడ్డు రావు.

ప్లై పలకకూ ప్లాస్టిక్ మూతకూ మధ్య ప్రతి రంధ్రం చుట్టూ సిలికాన్ లావుగా పూయండి. అది ఇక్కడ జిగురు కాదు, బోల్టుల బిగింపుకు నలిగి సందు మూసే వాషరు. పైపు ముక్కల్ని చెక్క రంధ్రాల్లో దూర్చి, పై వైపున చెక్కకూ పైపుకూ కలిపి ఎపాక్సీ పుట్టీ గట్టిగా దట్టించండి. పుట్టీ పట్టాలంటే పైపును ముందు ఉప్పుకాగితంతో గరుకు చేయాలి, ఆ నునుపు పోకపోతే పట్టదు. ఒక రాత్రంతా ఆరనివ్వండి.

మధ్య పైపు మూత కిందికి 8 సెంటీమీటర్లు దిగాలి. పక్క పైపుకు లోపలి వైపు ఎల్బో తొడిగి, దాని నోరు గోడ వెంబడి చూసేలా తిప్పండి. కుడివైపు తిరిగినా ఎడమవైపు తిరిగినా ఒకటే. నోరు ఏమాత్రం కేంద్రం వైపు తిరిగినా సుడి చెడుతుంది. మీకు నప్పిన కోణం వచ్చాక పైపులకు వాడే సొల్యూషన్‌తో అతికించండి. ఇక్కడ రెండూ పీవీసీ కాబట్టి అది బాగా పడుతుంది.

అడ్డుపలక

మొత్తం పనిలో ఓపిక పెట్టవలసింది ఇక్కడే. రెండో ప్లై పలకను డ్రమ్ము లోపలి వ్యాసానికి సరిపోయేలా గుండ్రంగా కోయండి. డ్రమ్ము మూతి ఒళ్లు కంటే కాస్త ఇరుకుగా ఉంటే మూతిలో దూరేంత కొలతే తీసుకోండి. ఆ సందు సంగతి తర్వాత చూద్దాం.

ఇప్పుడు పలకను మూడు భాగాలుగా ఊహించుకోండి. రెండు భాగాల మేర, అంటే 240 డిగ్రీల మేర, అంచును 28 మిల్లీమీటర్ల వెడల్పున కోసి తీసేయాలి. మూడో భాగం, 120 డిగ్రీలు, నిండుగా ఉంచాలి. చూస్తే ఒకవైపు చెవి మిగిలిన చక్రంలా ఉంటుంది. కోసిన మేర గోడకూ పలకకూ మధ్య వచ్చే సందులోంచే పొట్టు కిందికి జారుతుంది. కోత అంచుల్ని ఆకురాయితో రుద్ది నున్నగా చేయండి. పెచ్చు లేచిన ప్లై అంచు మీద పొట్టు పేరుకుంటుంది.

నిండుగా ఉంచిన చెవి భాగం ఎక్కడ రావాలన్నది ముఖ్యం. ఎల్బో నోటి నుంచి గాలి బయటపడి ముందుకు సాగే చోటు కిందే అది ఉండాలి. గాలి అక్కడ అత్యధిక వేగంతో ఉంటుంది. కింద సందు ఉంటే ఆ వేగం నేరుగా అడుగుకు దిగి, పడుకున్న పొట్టును లేపుతుంది. చెవి మీదుగా తిరిగి కొంత నెమ్మదించాకే గాలికి సందు ఎదురవ్వాలి.

రాడ్డును 16 సెంటీమీటర్ల చొప్పున మూడు ముక్కలు కోసి, పలకను మూతకు 11 సెంటీమీటర్ల దిగువన వేలాడదీయండి. ప్రతిచోటా పైన ఒక నట్టు, కింద ఒక నట్టు. ఇప్పుడు మధ్య పైపు చివరకూ పలకకూ మధ్య 3 సెంటీమీటర్లు ఉంటుంది, పైపు వ్యాసంలో సగానికి కాస్త ఎక్కువ. అంతకంటే తగ్గితే గాలి ఇరుకున పడుతుంది. పలక ఒరిగి ఉంటే నట్లు తిప్పి సమం చేయండి.

చెవి అంచు డ్రమ్ము గోడను తాకాలి. మూతి ఇరుకు వల్ల సందు మిగిలితే సైకిలు ట్యూబును పొడవుగా చీల్చి, ఒక పట్టీని చిన్న మేకులతో ఆ అంచుకు కొట్టండి. మూత దించేటప్పుడు రబ్బరు వంగి లోపలికి పోతుంది, పోయాక గోడకు ఆనుకుంటుంది.

ఎక్కడా గాలి చొరబడకూడదు

డ్రమ్ము బాగా పనిచేయడానికీ చేయకపోవడానికీ తేడా తొంభై పాళ్లు ఇక్కడే ఉంటుందని నా అనుభవం. అడుగున సూది మొనంత చిల్లు ఉన్నా బయటిగాలి దానిగుండా పైకి చిమ్ముతుంది. తూర్పారబట్టేటప్పుడు గాలికి పొల్లు లేచిపోయినట్టు, అడుగున కుదురుగా పడుకున్న పొట్టు లేచి నేరుగా మధ్య పైపు పట్టుకుపోతుంది. పైన కారే గాలి లాగుడును తగ్గిస్తుంది. అడుగున కారే గాలి డ్రమ్ము చేసే పనినే చెడగొడుతుంది.

పరీక్ష సులభం. డ్రమ్ము శుభ్రంగా, ఖాళీగా ఉండగానే, చుట్టుపక్కల పొట్టు లేకుండా చూసుకుని ఒక అగరవత్తి వెలిగించండి. వాక్యూమ్ ఆన్ చేసి, గొట్టం మూతిని సగం మూసి, అగరవత్తిని మూత అంచు వెంబడి, పైపుల మొదళ్ల దగ్గర, అడుగు అతుకుల దగ్గర నెమ్మదిగా తిప్పండి. పొగ నిటారుగా లేస్తే సరే. ఎక్కడైనా చటుక్కున వంగి లోపలికి దూరితే అక్కడ చిల్లు ఉన్నట్టు. నా డ్రమ్ములో మొదట పట్టీ క్లిప్పు దగ్గరే పొగ వంగింది. ఆ చోట మూత కింద సైకిలు ట్యూబు ముక్క మరో పొర వేయగానే ఆగింది.

గొట్టాలు బిగించడానికీ ఆ ట్యూబే. 50 మిల్లీమీటర్ల పైపులో 38 మిల్లీమీటర్ల గొట్టం మూతి వదులుగా ఉంటుంది. ట్యూబు పట్టీని మూతి చుట్టూ బిగుతుగా చుట్టి, మెలితిప్పుతూ లోపలికి నెట్టండి. టేపు కంటే ఇది మేలు. వేసవి వేడికి టేపు బంక కారి జారిపోతుంది.

తర్వాత అసలు పరీక్ష. కిలో రంపపు పొట్టు తూచి నేలమీద పోసి, మొత్తం పీల్చి, డ్రమ్ములో చేరింది మళ్లీ తూచండి. నాకు మొదటిసారి 940 గ్రాములు వచ్చింది. క్లిప్పు దగ్గరి చిల్లు మూసి, ఎల్బో నోరు గోడవైపుకు ఇంకాస్త తిప్పాక 985 వచ్చింది. మీకు 950 దాటకపోతే ఏదో ఒక సందు మిగిలి ఉంది, మళ్లీ అగరవత్తి వెలిగించండి.

వాడేటప్పుడు

సాండర్, జిగ్ సా, రౌటర్, చేతి సర్క్యులర్ రంపం, బరమా. వీటికి ఈ ఏర్పాటు చక్కగా సరిపోతుంది. యంత్రపు చిత్రికకు సరిపోదు. దాని తునకలకు 100 మిల్లీమీటర్ల గొట్టం, ఎక్కువ గాలి లాగే పెద్ద యంత్రం కావాలి. చిన్న వాక్యూమ్ గట్టిగా లాగుతుంది కానీ లాగే గాలి పరిమాణం తక్కువ. చేతి చిత్రికతో వచ్చే పొడవాటి చుట్టల్ని చీపురుతోనే ఊడ్చేయండి, అవి ఎల్బోలో ఇరుక్కుంటాయి.

గ్రైండర్ నిప్పురవ్వల దగ్గర ఈ గొట్టం పెట్టవద్దు. ఒక్క రవ్వ పొట్టులో గంటల తరబడి నివురులా కాగి, మీరు షెడ్డు తాళం వేసి వెళ్లాక అంటుకోవచ్చు. అవిసె నూనె తుడిచిన గుడ్డలు డ్రమ్ములో వేయకండి, అవి వాటంతటవే వేడెక్కి మండుతాయి. గాలి పొడిగా ఉన్న రోజుల్లో ప్లాస్టిక్ గొట్టం తాకితే చిటుక్కుమని చిన్న షాకు కొడుతుంది. గొట్టం వెంబడి పలచటి రాగితీగ చుట్టి ఎర్తుకు కలిపితే ఆ బాధ తీరుతుంది. తేమ నేల మీద నిలబడి పనిచేసే షెడ్డు కాబట్టి ప్లగ్గుకు 30 మిల్లీయాంపుల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) తప్పక పెట్టించుకోండి.

పొట్టు అడ్డుపలకకు జానెడు దూరంలోకి వచ్చేసరికి ఖాళీ చేయాలి. అంతకుమించి నిండితే సుడి దాన్ని తిరిగి పైకి లాగుతుంది. నీలం డ్రమ్ములో లోపల కనిపించదు కాబట్టి చేతివేళ్లతో పక్కన తట్టి చూడండి. ఖాళీ ఉన్నచోట డొల్లగా మోగుతుంది, నిండినచోట మొద్దుగా వినిపిస్తుంది. నాలుగు రోజుల్లో చెవికి అలవాటవుతుంది.

ఆగస్టు నుంచి నవంబరు దాకా మాత్రం నిండేదాకా ఆగవద్దు. ఆ ముసురులో పచ్చి వేప, పనస చెక్కల పొట్టు డ్రమ్ములో రెండు రోజులుంటే ముద్దకట్టి బూజు పడుతుంది. ఆ బూజు దుమ్ము పీల్చడం చెక్క దుమ్ము కంటే మంచిదేమీ కాదు. సాయంత్రం పని ముగించగానే మాస్కు ఉండగానే, ఆరుబయట, గాలికి వీపుపెట్టి కుమ్మరించండి.

సహజమైన చెక్క పొట్టును పశువుల కొట్టంలో పక్కగా వేయవచ్చు. లేదా పేడతో పొరలుపొరలుగా కలిపి పెంటలో మాగనివ్వవచ్చు. పచ్చిగా తెచ్చి మొక్కల మొదట్లో కలిపితే, అది కుళ్లడానికి మట్టిలోని నత్రజనిని వాడుకుని ఆకులు పసుపుబారతాయి. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక), రంగు వేసిన పాత తలుపుల పొట్టు మాత్రం పశువుల దగ్గరికీ మొక్కల దగ్గరికీ పోనివ్వకండి. వాటిలో జిగురు రెసిన్లు, పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. అలాంటివి కోసేముందే డ్రమ్ము ఖాళీ చేసి, వచ్చిన పొట్టును సంచిలో మూతికట్టి విడిగా చెత్తబండికి ఇవ్వండి.